పీర్ల చావిడి తెలుసు.. కర్బలా తెలియదు!

ముస్లిమేతర విద్యార్థులకు ఇస్లామిక్ అధ్యయనం ఎలా బోధిస్తారంటే..

అనంతపురం: నార్పల మండలం గూగూడులో మొహర్రం వేళ కుళ్లాయిస్వామి దర్శనానికి కులమతాలకు అతీతంగా భక్తులు తరలివస్తారు. పీర్ల చావిడి, అగ్నిగుండం, చక్కెర చదివింపులు ఈ ప్రాంత పల్లెల్లో పెరిగిన విద్యార్థులకు సుపరిచితమే. అయితే క్రీ.శ. 680లో కర్బలా మైదానంలో ప్రవక్త మనుమడు ఇమాం హుసేన్ ప్రాణత్యాగమే ఈ ఆచారానికి మూలమని వారిలో ఎందరికి తెలుసన్నది ప్రశ్న. పొరుగువారి పండుగ తెలిసినా దాని వెనుక చరిత్ర తెలియని ఈ లోటును పూడ్చేందుకు విశ్వవిద్యాలయాల్లోని ఇస్లామిక్ అధ్యయన విభాగాలు దోహదపడుతున్నాయి.

మదర్సా చదువుకు భిన్నంగా..

హైదరాబాద్‌లోని ఉస్మానియా, మౌలానా ఆజాద్ జాతీయ ఉర్దూ విశ్వవిద్యాలయాలతో పాటు అలీగఢ్, జామియా మిలియా ఇస్లామియాలలోనూ ఈ విభాగాలున్నాయి. యూజీసీ నెట్ పరీక్షలోనూ ఇదొక సబ్జెక్టు. మదర్సాలో విద్యార్థి విశ్వాసిగా కూర్చుని, ఆచరించేందుకు నేర్చుకుంటాడు. విశ్వవిద్యాలయంలో ఖురాన్ సంకలనం, హదీసుల ప్రామాణికత, హనఫీ, మాలికీ, షాఫియీ, హంబలీ న్యాయ సంప్రదాయాలు, సూఫీ తత్వం వంటి అంశాలను చరిత్రగా, శాస్త్రంగా పరిశీలిస్తారు. విద్యార్థి మతంతో మార్కులకు సంబంధం ఉండదు.

2020లో కశ్మీర్ కేంద్రీయ విశ్వవిద్యాలయం నిర్వహించిన ఇస్లామిక్ స్టడీస్ ఎం.ఏ. ప్రవేశ పరీక్షలో రాజస్థాన్‌లోని అల్వార్‌కు చెందిన హిందూ యువకుడు ప్రథమ స్థానం సాధించడం విశేషం. సమాజంలో దూరాలు పెరుగుతున్నందున ఒకరి మతాన్ని మరొకరు తెలుసుకోవడం అవసరమని ఆయన అప్పట్లో పేర్కొన్నారు.

చట్టం ఏం చెబుతోంది?

పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థల్లో మతబోధను రాజ్యాంగంలోని 28వ అధికరణం నిషేధించింది. మరి ఈ పాఠాల సంగతేమిటన్న సందేహం సహజం. మహనీయుల జీవితాన్ని, బోధనలను విద్యాపరంగా అధ్యయనం చేయడం మతబోధ కిందకు రాదని గురునానక్ విశ్వవిద్యాలయానికి సంబంధించిన కేసులో 1971లోనే సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మతాల గురించి విద్యార్థులకు తెలియజెప్పడంపై నిషేధం లేదని 2002 సెప్టెంబరులో అరుణా రాయ్ కేసులోనూ తీర్పునిచ్చింది.

దీనికి నెల రోజుల ముందు అమెరికాలోనూ ఇదే వివాదం తలెత్తింది. నార్త్ కరోలినా విశ్వవిద్యాలయం కొత్తగా చేరిన విద్యార్థులకు ఖురాన్ తొలి సూరాలపై మైకేల్ సెల్స్ రచించిన గ్రంథాన్ని పఠనాంశంగా ఇచ్చింది. ఇది మతబోధేనంటూ కొందరు కోర్టుకెక్కినా, కార్యక్రమాన్ని నిలిపివేసేందుకు న్యాయస్థానం నిరాకరించింది. ఇష్టం లేనివారు ఆ గ్రంథాన్ని చదవనక్కర్లేదని, ఎందుకు చదవలేదో వ్యాసం రాస్తే చాలని విశ్వవిద్యాలయం వెసులుబాటు కల్పించింది.

అధ్యాపకుడికి కత్తిమీద సామే

తరగతిలో పొగడ్త ఎక్కువైతే మతప్రచారమంటారు. విమర్శ ఎక్కువైతే అవమానమంటారు. 1952లో కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఇస్లామిక్ అధ్యయన సంస్థను నెలకొల్పిన విల్‌ఫ్రెడ్ కాంట్‌వెల్ స్మిత్ దీనికొక కొలమానం సూచించారు. ఒక మతం గురించి చెప్పిన మాటను ఆ మతస్థులు కూడా తమదేనని గుర్తించగలగాలన్నది ఆయన భావన.

పదాల విషయంలోనూ మెలకువ అవసరం. ‘జిహాద్’ అనే అరబ్బీ పదానికి మూలార్థం తీవ్రంగా శ్రమించడం. ధర్మశాస్త్ర గ్రంథాల్లో యుద్ధ నియమాలకూ అదే పేరుంది. ఒకటి చెప్పి మరొకటి దాచితే విద్యార్థికి అన్యాయం జరిగినట్లే. ముస్లింలందరిదీ ఒకే అభిప్రాయమన్న అపోహనూ తొలగించాలి. పీర్ల ఊరేగింపును భక్తితో నిర్వహించేవారూ, అది మతసమ్మతం కాదని వాదించే ఉలేమాలూ ముస్లింలే కావడం గమనార్హం.

దారి చూపిన తెలుగు పండితుడు

ఈ కృషి తెలుగువారికి కొత్త కాదు. ఖురాన్‌ను తొలిసారిగా తెలుగులోకి అనువదించిన చిలుకూరి నారాయణరావు ముస్లిం కాదు. అనంతపురం దత్తమండల కళాశాలలో తెలుగు బోధించిన ఆయనే ‘ఆంధ్ర భాషా చరిత్రము’ కర్త కూడా. పరమతాన్ని స్వీకరించకుండానే దాని గ్రంథాన్ని శ్రద్ధగా చదివి, ఇరుగుపొరుగుకు అర్థమయ్యేలా చెప్పవచ్చని ఆయన నిరూపించారు. నేడు ఈ సబ్జెక్టు చదివే ముస్లిమేతర విద్యార్థులు రేపు ఉపాధ్యాయులు, పోలీసు అధికారులు, న్యాయవాదులు కావచ్చు. పీర్ల ఊరేగింపు దారి విషయంలో ఊరిలో తగాదా వచ్చిన రోజున వదంతి ఏదో, వాస్తవం ఏదో తేల్చుకునేందుకు వారికి ఈ చదువే అక్కరకొస్తుంది.