ఎర్రర్ మెసేజ్‌లో ఆ చుక్క ఎందుకు లేదు?

మోతె నుంచి సూర్యాపేటకో, కోదాడకో బస్సెక్కి కంప్యూటర్స్ చదువుతున్నారా? ఓపెన్ సోర్స్‌లో పనిచేస్తే రెజ్యూమెకి బలమని సీనియర్లు చెప్పే ఉంటారు. ‘అంత పెద్ద కోడ్‌లో మనమేం చేస్తాం’ అని చాలామంది అక్కడే ఆగిపోతారు. ఓ చిన్న దారి ఉంది. ఎర్రర్ మెసేజ్‌ల దగ్గర మొదలుపెట్టండి.

టెర్మినల్‌లో కమాండ్ కొట్టినప్పుడు గమనించండి. ఫైల్ తెరుచుకోకపోతే ఒకచోట ‘కెనాట్ ఓపెన్’ అంటుంది, ఇంకోచోట ‘కుడ్ నాట్ ఓపెన్’, మరోచోట ‘అనేబుల్ టు ఓపెన్’. ఒకటి క్యాపిటల్ అక్షరంతో మొదలవుతుంది, ఇంకోదానికి చివర ఫుల్‌స్టాప్ ఉంటుంది. ఏళ్ల తరబడి ఎందరో రాసిన ప్రోగ్రామ్ కదా, ఎవరి అలవాటు వారిది!

2005లో మొదలైన గిట్ ఇందుకు నియమం పెట్టుకుంది. ఒకే వాక్యమున్న ఎర్రర్ మెసేజ్‌కి ఫుల్‌స్టాప్ వద్దు. వాక్యం మొదలన్న ఒక్క కారణంతో క్యాపిటల్ వద్దు. జీఎన్‌యూ ప్రమాణాలు, గో భాష సూచనలూ దాదాపు ఇదే చెబుతాయి. ఎందుకంటే మెసేజ్‌కి ముందు సాధారణంగా ప్రోగ్రామ్ పేరు, కోలన్ ఉంటాయి. వెనక ఇంకో మెసేజ్ అతుక్కోవచ్చు. మధ్యలో చుక్క పడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

అలాగని కనిపించిన ప్రతి చుక్కా చెరిపేయకండి. అసలు చిక్కు ఇక్కడే. అనువాదాలకు వాడే గెట్‌టెక్స్ట్‌లో ఇంగ్లిష్ వాక్యమే తాళంచెవి. ఒక్క చుక్క మారినా పాత తెలుగు అనువాదం దానికి సరిపోదు. దాన్ని ‘ఫజ్జీ’ అని గుర్తుపెట్టి పక్కన పెడతారు. అనువాదకులు మళ్లీ చూసేదాకా తెరపై ఇంగ్లిషే. తెలుగుకే కాదు, అనువాదమున్న ప్రతి భాషకూ ఇదే తిప్పలు. హైదరాబాద్‌లోని స్వేచ్ఛ వంటి చోట్ల సాఫ్ట్‌వేర్‌ను తెలుగులోకి తెచ్చేవాళ్లు చాలావరకు వాలంటీర్లే. మీ చుక్క వాళ్ల సాయంత్రాన్ని తినేస్తుంది.

మాట ఒకటే అయితే లాభమూ వాళ్లకే. మూడు రకాల ‘తెరవలేకపోయాం’ బదులు ఒక్కసారి అనువదిస్తే సరిపోతుంది. మనవాళ్లూ తక్కువ తినలేదు లెండి, ఒకరు ‘ఫైలు’ అంటే ఇంకొకరు ‘దస్త్రం’ అంటారు. వాక్యాన్ని ముక్కలుగా అతికించడం మరీ నష్టం. ఇంగ్లిష్‌లో క్రియ ముందు, ఫైల్ పేరు తర్వాత, తెలుగులో తిరగబడుతుంది. పూర్తి వాక్యం ఇస్తేనే అనువాదకుడు దాన్ని తిప్పుకోగలడు.

ఇక ఎలా మొదలుపెట్టాలి? ముందు ఆ ప్రాజెక్టు నియమావళి చదవండి. గిట్ గ్రెప్‌తో ఒక ఫోల్డర్‌లోని మెసేజ్‌లు మాత్రమే వెతకండి. టెస్టుల్లో ఆ వాక్యం ఉంటే అక్కడా మార్చాలి, లేదంటే టెస్టు ఫెయిల్ అవుతుంది. ఎందుకు మార్చారో కమిట్ మెసేజ్‌లో రెండు ముక్కల్లో రాయండి. గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి గిట్ తరఫున దరఖాస్తు చేసేవాళ్లను ఆ ప్రాజెక్టు ముందుగా ఇలాంటి ఓ చిన్న పని చేసి చూపించమంటుంది. 2022 నుంచి ఆ కార్యక్రమం విద్యార్థులకే పరిమితం కాదు. డిగ్రీ అయిపోయి ఇంట్లో ఉన్నా, 18 ఏళ్లు నిండి ఈ రంగానికి కొత్తవారైతే ప్రయత్నించవచ్చు.