వెబ్ పేజీ కనబడితే చాలదు

వెబ్ పేజీలో ఏ ముక్క ఏమిటో బ్రౌజర్‌కు చెప్పే భాష హెచ్‌టీఎంఎల్. ఇది శీర్షిక, ఇది పేరా, ఇది జాబితా, ఇది లింకు, ఇది బటన్ అని ఒక్కో ముక్కకూ ఒక్కో ట్యాగ్ తగిలిస్తారు. ఆ ముక్క ఏ రంగులో, ఎంత సైజులో కనబడాలో చెప్పడానికి సీఎస్ఎస్ అనే వేరే భాష ఉంది. పని విభజన ఇంతే. ముక్క అర్థాన్ని బట్టి ట్యాగ్‌ను ఎంచుకుని రాస్తే దాన్ని సెమాంటిక్ కోడ్ అంటారు. అర్థం పట్టించుకోకుండా కంటికి నచ్చేలా రాసిన కోడ్ కూడా తెర మీద అచ్చం అలాగే కనబడవచ్చు. తేడా తెలిసేది తెర చూడలేనివారికి, మౌస్ పట్టలేనివారికి.

అర్థం నుంచి అలంకారానికి

టిమ్ బెర్నర్స్-లీ 1989లో సెర్న్ పరిశోధన కేంద్రంలో వెబ్‌ను ప్రతిపాదించినప్పుడు ఆయన ముందున్న అవసరం శాస్త్రవేత్తల పత్రాలను ఇచ్చిపుచ్చుకోవడం. 1991 నాటి తొలి ట్యాగ్‌ల జాబితాలో ఆరు అంచెల శీర్షికలు, పేరా, జాబితా, చిరునామా, లింకు వంటివే ఉన్నాయి. రంగులు, ఫాంట్లు చెప్పేవి లేవు.

వెబ్ వ్యాపారుల చేతికి వచ్చాక ఈ వరస మారిపోయింది. 1990ల మధ్యలో నెట్‌స్కేప్, మైక్రోసాఫ్ట్ పోటాపోటీగా తమ బ్రౌజర్లలో సొంత ట్యాగ్‌లు చేర్చాయి. అంకెల పట్టికల కోసం పెట్టిన టేబుల్ ట్యాగ్‌తో డిజైనర్లు పేజీ మొత్తాన్ని గళ్లుగా కోసి మెనూలూ బొమ్మలూ అందులో అమర్చారు. మధ్యలో ఖాళీ కావాలంటే ఒక్క పిక్సెల్ పారదర్శక బొమ్మను సాగదీసి పెట్టేవారు. ఒక బ్రౌజర్‌లో సరిగ్గా వచ్చిన పేజీ ఇంకో బ్రౌజర్‌లో చెదిరిపోయేది.

దీన్ని దారిలో పెట్టే పని ప్రమాణాలది. బెర్నర్స్-లీ 1994లో నెలకొల్పిన డబ్ల్యూత్రీసీ సంస్థ 1996 డిసెంబరులో సీఎస్ఎస్ తొలి ప్రమాణాన్ని ఖరారు చేసింది. 1998లో వెబ్ డిజైనర్లే వెబ్ స్టాండర్డ్స్ ప్రాజెక్ట్ పేరుతో జట్టు కట్టి, ప్రమాణాలు పాటించమని బ్రౌజర్ కంపెనీల మీద ఒత్తిడి తెచ్చారు. 2014 అక్టోబరులో ఖరారైన హెచ్‌టీఎంఎల్5లో పేజీ భాగాలకే పేర్లు పుట్టాయి: పైభాగానికి హెడర్, దారులు చూపే మెనూకు నావ్, అసలు విషయానికి మెయిన్, విడి వ్యాసానికి ఆర్టికల్, అడుగు భాగానికి ఫుటర్. 2019 నుంచి డబ్ల్యూత్రీసీ, బ్రౌజర్ కంపెనీల కూటమి వాట్‌డబ్ల్యూజీ కలిసి ఒకే ప్రమాణాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తూ నడుపుతున్నాయి.

స్క్రీన్ రీడర్‌కు ఏం వినబడుతుంది

చూపు లేనివారు కంప్యూటర్‌ను, ఫోన్‌ను పేజీని పైకి చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాయంతో వాడతారు. విండోస్‌లో ఎన్‌వీడీఏ, జాస్, ఆపిల్ పరికరాల్లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ ఎక్కువగా వాడుకలో ఉన్నవి. ఎన్‌వీడీఏ ఉచితం. 2006లో ఆస్ట్రేలియాకు చెందిన మైకేల్ కరన్ దీన్ని మొదలుపెట్టారు. ఆయన కూడా అంధుడే.

స్క్రీన్ రీడర్ తెర మీది బొమ్మను చదవదు. బ్రౌజర్ పేజీ కోడ్ నుంచి ఒక జాబితా తయారుచేసి దానికి అందిస్తుంది. అందులో ప్రతి ముక్కకూ మూడు వివరాలు ఉంటాయి: అది ఏమిటి, దాని పేరేమిటి, ఇప్పుడు ఏ స్థితిలో ఉంది. ఉదాహరణకు 'చెక్‌బాక్స్, నిబంధనలకు అంగీకరిస్తున్నాను, టిక్ పెట్టలేదు'. ఈ వివరాలన్నీ ట్యాగ్‌ల నుంచే వస్తాయి. కోడ్‌లో లేనిది చెవికి చేరదు.

బటన్‌నే తీసుకుందాం. హెచ్‌టీఎంఎల్‌లో బటన్ అనే ట్యాగ్ ఉంది. డివ్ అనే ట్యాగ్ కూడా ఉంది. దానికి సొంత అర్థం లేదు, అది ఒట్టి డబ్బా. డివ్‌కు నీలం రంగు పులిమి, అంచులు గుండ్రంగా చేసి, 'సమర్పించు' అని రాసి, క్లిక్ చేస్తే పనిచేసేలా స్క్రిప్ట్ తగిలిస్తే చూపున్నవారికి అది బటనే. కీబోర్డు మీద ట్యాబ్ నొక్కుతూ వచ్చేవారికి మాత్రం అది తగలదు, దాటిపోతుంది. ఎంటర్ నొక్కినా, స్పేస్ నొక్కినా పనిచేయదు. స్క్రీన్ రీడర్ 'సమర్పించు' అని చదివి ఊరుకుంటుంది తప్ప అది బటన్ అని చెప్పదు. ఈ లోపాలను విడివిడిగా సరిచేయవచ్చు. ట్యాబ్‌కు అందేలా ఒక గుణం (ట్యాగ్‌లో రాసే అదనపు సూచన), బటన్ అని చెప్పడానికి ఇంకో గుణం, ఎంటర్‌కూ స్పేస్‌కూ వేర్వేరుగా స్క్రిప్ట్ రాయాలి. అంతా చేశాక వచ్చేది బటన్ ట్యాగ్ మొదటి నుంచీ ఊరికే ఇస్తున్నదే.

ఇలా అదనపు అర్థం చెప్పే గుణాల సమూహానికి ఏరియా అని పేరు. 2014లో ప్రమాణమైంది. హెచ్‌టీఎంఎల్‌లో తగిన ట్యాగ్ ఉంటే ఏరియా జోలికి పోవద్దన్నది దాన్ని వాడేవారికి చెప్పే మొదటి నియమం.

శీర్షికల సంగతీ ఇంతే. చూపున్న పాఠకులు పేజీని పైనుంచి కిందికి ఒక్కసారి తడిమి కావలసిన చోట ఆగుతారు. ఎన్‌వీడీఏ వాడేవారు హెచ్ కీ నొక్కుతూ ఒక్కో శీర్షిక మీదికి దూకుతారు. 2 నొక్కితే రెండో అంచె శీర్షికలకే వెళ్లవచ్చు. శీర్షికను హెచ్2 ట్యాగ్‌లో పెట్టకుండా అక్షరాలు పెద్దవి చేసి బోల్డ్‌తో సరిపెడితే ఆ దారి మూసుకుపోతుంది. పేజీ అంతా మొదటి నుంచి వినాల్సిందే. హెచ్2 అక్షరాలు పెద్దగా ఉన్నాయని హెచ్4 వాడటమూ తప్పే. సైజు సీఎస్ఎస్‌లో మార్చుకోవాలి, అంచె మాత్రం విషయాన్ని బట్టే ఉండాలి.

దరఖాస్తు ఫారాల్లో ఇబ్బంది ఇంకా ఎక్కువ. గడి పక్కన 'పుట్టిన తేదీ' అని కనబడుతున్నంత మాత్రాన ఆ మాట ఆ గడిదేనని కోడ్‌కు తెలియదు. లేబుల్ ట్యాగ్‌తో రెండింటినీ ముడిపెట్టకపోతే స్క్రీన్ రీడర్ 'ఖాళీ గడి' అంటుంది, అంతే. పది గడులున్న ఫారంలో పదిసార్లూ అదే మాట. లేబుల్ ఉంటే ఆ మాట మీద నొక్కినా కర్సర్ గడిలోకి వెళుతుంది కాబట్టి చేతులు వణికేవారికీ, చిన్న ఫోన్ వాడేవారికీ సుఖం.

బొమ్మలకు ఆల్ట్ అనే గుణంలో వివరణ రాయాలి. రాసే మాట సందర్భాన్ని బట్టి మారుతుంది. పర్యాటక వ్యాసంలోని ఫొటోకు 'చార్మినార్' చాలు. ట్రాఫిక్ వార్తలో అయితే 'చార్మినార్ దగ్గర నిలిచిపోయిన వాహనాలు' అనాలి. అలంకారానికి పెట్టిన గీతలకూ పువ్వులకూ ఆల్ట్‌ను ఖాళీగా ఉంచాలి; అప్పుడు స్క్రీన్ రీడర్ వాటిని వదిలేసి ముందుకు పోతుంది.

తెలుగు పేజీలకు ప్రత్యేకం

పేజీ మొదట్లో భాష తెలుగు అని లాంగ్ గుణంలో ప్రకటించాలి. సంకేతం రెండక్షరాలు: టీ, ఈ. అది చూసి స్క్రీన్ రీడర్ తెలుగు గొంతుకు మారుతుంది. ప్రకటన లేకపోయినా, ఇంగ్లిష్ పేజీ టెంప్లేట్‌ను అలాగే వాడుకున్నా ఇంగ్లిష్ గొంతే తెలుగు చదవబోయి తడబడుతుంది.

రెండోది అక్షరాల సంకేతాలు. యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచీ చోటుంది. అయినా చాలాకాలం తెలుగు పత్రికల సైట్లు సొంత ఫాంట్లతో నడిచాయి. వాటి కోడ్‌లో ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తులు. ఫాంటు తొడిగితేనే తెలుగులా కనబడేవి. స్క్రీన్ రీడర్‌కు అది పిచ్చిరాత. సైట్లు యూనికోడ్‌కు మారాయి గానీ డీటీపీ ఫాంట్లతో చేసిన పీడీఎఫ్‌లు, ప్రకటన మొత్తాన్ని బొమ్మగా మార్చి పెట్టే పోస్టర్లు ఇప్పటికీ అదే అడ్డంకి తెస్తున్నాయి.

మూడోది వరుసల ఎడం. తెలుగులో ఒత్తులు కిందికి, గుడులు పైకి సాగుతాయి. ఇంగ్లిష్‌కు కొలిచి బిగించిన ఎత్తులో తెలుగు వాక్యం పెడితే ఒత్తులు తెగిపోతాయి. అక్షరాలను రెట్టింపు చేసి చదివే వృద్ధులకు ఈ ఇబ్బంది మరీ ఎక్కువ.

కొలత, చట్టం

పేజీ అందరికీ ఎంత అందుబాటులో ఉందో కొలవడానికి డబ్ల్యూత్రీసీ మార్గదర్శకాలు ఉన్నాయి. తొలి రూపం 1999లో, 2.0 రూపం 2008లో, 2.2 రూపం 2023 అక్టోబరులో వచ్చాయి. పేజీలోని విషయం ఇంద్రియాలకు అందాలి, వాడటానికి వీలవ్వాలి, అర్థం కావాలి, ఏ పరికరంలోనైనా నిలబడాలి అన్నవి వాటి నాలుగు మూలసూత్రాలు. ఏ, డబుల్ ఏ, ట్రిపుల్ ఏ అని మూడు స్థాయిలు. చట్టాలు సాధారణంగా అడిగేది డబుల్ ఏ. ఆ స్థాయిలో మామూలు అక్షరాలకూ వాటి వెనక రంగుకూ మధ్య కాంతి తేడా కనీసం 4.5:1 ఉండాలి. తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు ఈ పరీక్షలో నిలవవు.

ఇలాంటి నియమాలను పట్టించుకోకపోతే ఏమవుతుందో సిడ్నీ ఒలింపిక్స్ సైట్ చూపించింది. అంధుడైన బ్రూస్ మగ్వైర్ 1999లో నిర్వాహక సంఘంపై ఆస్ట్రేలియా మానవ హక్కుల కమిషన్‌కు ఫిర్యాదు చేశారు. బొమ్మలకు ఆల్ట్ లేదు, క్రీడల సూచికకూ ఫలితాల పట్టికలకూ దారి లేదు. సరిచేయాలంటే ఒక మనిషికి ఏడాదికి పైగా పని అని సంఘం వాదించింది. అంత అక్కర్లేదని నిపుణులు సాక్ష్యమిచ్చారు. 2000 ఆగస్టులో కమిషన్ మగ్వైర్ పక్షాన తీర్పిచ్చింది. క్రీడలు మొదలయ్యేలోగా సైట్‌ను పూర్తిగా సరిచేయకపోవడంతో సంఘం 20,000 ఆస్ట్రేలియన్ డాలర్ల పరిహారం చెల్లించాల్సి వచ్చింది.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం సమాచార సాంకేతికతను అందరికీ అందుబాటులో ఉంచాలంటోంది. ప్రభుత్వ సైట్లకు వేరుగా మార్గదర్శకాలు, ఉత్పత్తులకూ సేవలకూ ఐఎస్ 17802 అనే భారతీయ ప్రమాణం ఉన్నాయి. డిజిటల్ సేవలను అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న తీర్పునిచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, అంధులు ఆన్‌లైన్ కేవైసీలో (ఖాతాదారు గుర్తింపు తనిఖీలో) పడుతున్న అవస్థలపై వచ్చిన కేసు అది.

ఆచరణ మాత్రం వెనకబడే ఉంది. అమెరికాలోని వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల ప్రముఖ సైట్ల ముఖపేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో 94.8 శాతం పేజీల్లో తప్పులు బయటపడ్డాయి. వాటిలో అత్యధికం ఆరే రకాలు: మసక అక్షరాలు, ఆల్ట్ లేని బొమ్మలు, లేబుల్ లేని గడులు, ఖాళీ లింకులు, ఖాళీ బటన్లు, భాష ప్రకటించని పేజీలు. వీటిలో కష్టమైనది ఒక్కటీ లేదు.

పరీక్ష ఎవరైనా చేయవచ్చు

బ్రౌజర్లు తప్పు కోడ్‌ను గుట్టుగా సర్దుకుని చూపిస్తాయి కాబట్టి రాసినవారికి తప్పు తెలియదు. డబ్ల్యూత్రీసీ ఉచిత వ్యాలిడేటర్‌కు పేజీ చిరునామా ఇస్తే మూయని ట్యాగ్‌లు, రెండుసార్లు వాడిన ఐడీలు వరసగా చెబుతుంది. అయితే యంత్రం పట్టేది కొంతే. ఆల్ట్ ఉందో లేదో చెబుతుంది కానీ అందులో రాసింది సరైనదో కాదో చెప్పలేదు. అందుకే మౌస్ పక్కన పెట్టి ట్యాబ్, ఎంటర్ కీలతోనే ఫారం మొత్తం నింపి చూడాలి. ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని పేజీ వినాలి.

కట్టేటప్పుడు సరైన ట్యాగ్ రాయడానికి అదనపు ఖర్చు దాదాపు ఉండదు. కట్టాక విప్పి సరిచేయడానికే డబ్బూ కాలమూ పడతాయి. బడికో, దుకాణానికో, సంఘానికో వెబ్‌సైట్ చేయించుకునేవారు ఒప్పందంలో డబుల్ ఏ స్థాయి ఉండాలని ఒక్క వాక్యం రాయించుకోవాలి. డబ్బు చివరి విడత చెల్లించే ముందు కీబోర్డు పరీక్ష స్వయంగా చేసి చూసుకోవాలి.