బాసర గోదావరి తీరమున యాత్రికుల భద్రత

ఉత్తర తెలంగాణలో బాసర పేరు విననివారుండరు. ఒకనాడు ఆదిలాబాదు జిల్లాలోను, 2016 నుండి నిర్మల్ జిల్లాలోను ఉన్న ఈ గ్రామము జ్ఞానసరస్వతీ ఆలయము వలన ప్రసిద్ధి చెందినది. వసంత పంచమి నాడు, నవరాత్రులలో మూలా నక్షత్రము నాడు పసిపిల్లలకు అక్షరాభ్యాసము చేయించుటకు తెలంగాణ, మహారాష్ట్రల నుండి తల్లిదండ్రులు వేలాదిగా వస్తారు. వారిలో అనేకులు గోదావరిలో స్నానము చేసి దర్శనానికి వెళ్తారు. ఇట్టి చోట భద్రత అనగా నేమి, ఆపద వేళ ఎవరేమి చేయవలెను అను విషయములను ఈ వ్యాసములో మేము వివరింపదలచినాము.

యాత్రాస్థలములలో ప్రమాదానికి మూలకారణమొకటి ఉన్నది. స్థలమును ఎరిగినవాడు వేరు, అక్కడ అడుగుపెట్టువాడు వేరు. ఏ రేవున లోతున్నదో ఊరి జాలరికి తెలుసు. ఎప్పుడు నీరు వదలుదురో ఎగువ ఆనకట్ట అధికారికి తెలుసు. ఆ ఉదయమే రైలు దిగిన యాత్రికునికి ఈ రెండును తెలియవు. తెలిసినవాని జ్ఞానమును తెలియనివానికి వేళకు అందించుటే భద్రతా వ్యవస్థ చేయవలసిన మొదటి పని.

బాసర వద్ద నది స్వభావమును గమనించుదము. గోదావరి కందకుర్తి వద్ద మన రాష్ట్రములో ప్రవేశించి, అచ్చటనే మంజీరను కలుపుకొని బాసరకు వస్తున్నది. కనుక మహారాష్ట్రలోని బాబ్లీ గేట్లు ఎత్తినను, మంజీరపై 1931లో పూర్తియైన నిజాంసాగరు నుండి వరద వదలినను ఆ నీరు బాసరకు చేరుతుంది. ఇక్కడ చినుకు పడని రోజున సైతము నది పెరగవచ్చును. 2013 నాటి సుప్రీంకోర్టు తీర్పు ప్రకారము బాబ్లీ గేట్లను ఏటా జూలై 1 నుండి అక్టోబరు 28 వరకు తెరచి ఉంచవలెను. ఇంజనీర్లకు, పత్రికలకు తెలిసిన ఈ తేదీ స్నానఘట్టము వద్ద ప్రతి యాత్రికునికి కనిపించవలెను. దిగువన శ్రీరాంసాగరు నిండినపుడు దాని నీరు వెనుకకు బాసర వరకు వ్యాపిస్తుంది. అప్పుడు నది చెరువువలె నిశ్చలముగా తోచును. అడుగున గుంత ఉన్నదో, బురద ఉన్నదో గట్టుపై నిలిచినవానికి తెలియదు.

ఈ తెలియనితనమునకు మూల్యము ఎంతటిదో ఇటీవలి చరిత్ర చెప్పుచున్నది. 2025 జూన్ 15న హైదరాబాదు నుండి బాసర దర్శనానికి వచ్చిన ఐదుగురు యువకులు గోదావరిలో స్నానానికి దిగి మరణించారు. అంతకు ముందు, 2014 జూన్ 8న హిమాచల్ ప్రదేశ్‌లో బియాస్ నది ఒడ్డున, ఎగువన లార్జీ ఆనకట్ట నుండి వదలిన నీటిలో హైదరాబాదు ఇంజనీరింగు కళాశాలకు చెందిన 24 మంది విద్యార్థులు కొట్టుకొనిపోయారు. వారు కూడ మన విద్యార్థులవలె విహారయాత్రకు వెళ్లినవారే.

నీటితో పాటు జనసమ్మర్దము కూడ ప్రాణాపాయమే. 2015 జూలై 14న, గోదావరి పుష్కరముల తొలి ఉదయమున, రాజమహేంద్రవరము పుష్కరఘట్టము వద్ద తొక్కిసలాటలో 27 మంది మరణించారు. చదరపు మీటరుకు ఐదుగురికి మించి జనము చేరినచో మనిషి తన ఇష్టప్రకారము కదలలేడు. ఛాతీపై ఒత్తిడి పెరిగి నిలుచున్న చోటనే ఊపిరాడక ప్రాణము పోవచ్చును. వెనుక నెట్టువారికి ముందు జరుగుచున్నది తెలియదు. ఇక్కడను లోపించునది సమాచారమే. అందుచేత వచ్చు దారి, పోవు దారి వేరుగా ఉండవలెను. జనమును ఘట్టమునకు దూరముననే ఆపి, కొద్దికొద్దిగా వదలవలెను. మైకు ద్వారా ఎడతెగక చెప్పుచుండవలెను.

2005 నాటి విపత్తు నిర్వహణ చట్టము ప్రకారము జిల్లాలో ఈ బాధ్యత కలెక్టరు అధ్యక్షతన గల సంస్థకు చెందినది. దాని పని మూడు దశలుగా ఉండును. ముందుగా లోతు కొలిచి హద్దు తాళ్లు కట్టుట, గజ ఈతగాండ్రను నియమించుట. ఆపద వేళ ఒకే అధికారి ఆజ్ఞపై పోలీసు, వైద్య, అగ్నిమాపక సిబ్బంది కలిసి పనిచేయుట. తరువాత బాధితుల కుటుంబములకు నిజమైన సమాచారమిచ్చి, లోపమును విచారించి సరిదిద్దుట. మూడవదానిని విస్మరించినచో మొదటిది ఎన్నటికిని బాగుపడదు.

సామాన్యులు తెలిసికొనవలసినవి కూడ కొన్ని ఉన్నవి. మునుగుచున్నవాడు తరచుగా కేక వేయలేడు, నిశ్శబ్దముగానే మునిగిపోవును. ఈత రానివారు రక్షింపబోయి నీట దూకరాదు. తాడు, చీర, ఖాళీ ప్లాస్టిక్ డబ్బా, ఏది దొరికిన అది అందించవలెను. ఒడ్డుకు తెచ్చిన తరువాత పొట్ట నొక్కి నీరు కక్కించుటకు కాలము వృథా చేయరాదు. శ్వాస లేనిచో నోటితో ఊపిరి అందించి, ఛాతీని నిమిషమునకు 100 నుండి 120 సార్లు నొక్కుచుండవలెను. మరొకరు 108కు ఫోను చేయవలెను. ప్రాణవాయువు అందని మెదడు నాలుగారు నిమిషములలోనే దెబ్బతినును గనుక అంబులెన్సు వచ్చువరకు వేచియుండుట తగదు. చంటిపిల్లలతో వచ్చువారు ఫోను నంబరు వ్రాసిన చీటీని పిల్లవాని జేబులో ఉంచుట మేలు.

2027లో గోదావరి పుష్కరములు మరల రానున్నవి. బాసరకు తెలుగువారే కాక మరాఠీ, ఉర్దూ, హిందీ మాట్లాడువారును వస్తారు. మన విద్యార్థులు తెలుగు, ఉర్దూ రెండును ఎరిగినవారు; హిందీ చెప్పగలరు. హెచ్చరికలను ఆ భాషలలో వ్రాసి ఇచ్చుటకు, మైకులో చెప్పుటకు, తప్పిపోయిన పిల్లలను తల్లిదండ్రులకు చేర్చుటకు వారికన్న తగినవారెవరు? నదిలో కొట్టుకొనిపోవువానిని మతమేదని అడిగి చేయందించువారుండరు. కావున పుష్కరములకు పూర్వమే విద్యార్థులకు ప్రథమ చికిత్సలోను, ఈతలోను శిక్షణ ఇప్పించవలెనని, ప్రతి విహారయాత్రకు ముందు అచ్చటి నది, ఆనకట్టల సమాచారము సేకరించుటను నియమముగా చేయవలెనని కళాశాల కమిటీ వారిని మేము కోరుచున్నాము. ఇందుకు పెద్ద ఖర్చు అక్కరలేదు. వేళకు ఒక మాట అందినచో ఒక ఇంటి దీపము నిలుచును.