వాయించే చేతులను మరువవద్దు



ఆదివారం తబలా మోగకపోతే అందరికీ తెలుస్తుంది. వాయించే తమ్ముడు ఎందుకు రాలేదో కనుక్కునేది ఒకరిద్దరే.

నెహెమ్యా 13వ అధ్యాయం చూడండి. లేవీయులకు, గాయకులకు రావలసిన పాలు అందలేదు. ఎవరి పొలానికి వారు వెళ్లిపోయారు. నెహెమ్యా తప్పుపట్టింది గాయకులను కాదు, అధికారులను. తరువాత గాయకులను సమకూర్చి వారి స్థలాల్లో నిలిపాడు.

వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే అంతర్వేది తీరంలో ఆ పొలం వేట పడవ కావచ్చు, రొయ్యల చెరువు కావచ్చు. వారమంతా కష్టపడిన యువకుడు శనివారం రాత్రి సాధనకు వస్తాడు. జీతం ఇవ్వలేకపోయినా దారి ఖర్చు, కీబోర్డు మరమ్మతు సంఘం భరించవచ్చు. పాటలేవో రెండు రోజుల ముందే చెప్పవచ్చు. తప్పు వాయిస్తే మైకులో కాక పక్కకు పిలిచి దిద్దవచ్చు.

దావీదు కాలంలో 288 మంది ప్రవీణులకు వంతుల చీట్లు వేసినప్పుడు గురువని, శిష్యుడని భేదం చూపలేదు (1 దినవృత్తాంతములు 25). నేర్చుకునే పిల్లలకూ వంతు ఇవ్వండి. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చయి ఉంటాయి. ఆ వరుసలు తెలిసిన పెద్దలు పిల్లలను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాలి.

వాయించేవారికీ వాక్యం కావాలి. ప్రసంగం వేళ వారు వైర్లు సర్దుకుంటూ బయటే ఉండిపోతే, అది కాపరి పట్టించుకోవలసిన సంగతి.

ఈ ఆదివారం “బాగా వాయించావు” అని ఊరుకోకండి. “నీ కోసం ఏమి ప్రార్థించమంటావు, తమ్ముడూ?” అని అడగండి.