హైబ్రిడ్ కారులో బాటరీ కావలి

చాంద్రాయణగుట్ట చౌరస్తాయొద్ద కొంతసేపు నిలిచి చూచువారికి, శంషాబాదు విమానాశ్రయమునకు పోవు బండ్లలో హైబ్రిడ్ కార్లు నేడు అక్కడక్కడ కానవచ్చుచుండును. పెట్రోలు యంత్రమును విద్యుత్తు మోటారును ఒకే బండిలో జతపఱచినచో అది హైబ్రిడ్ కారు. ఇట్టి కారుగల యొకనికి ఎదుటి పలకపై హెచ్చరిక దీపము వెలిగినదనుకొందము. మరమ్మతు కొట్టులో స్కానరు తగిలించి చూచి, "బాటరీ వోల్టేజి మితిమీరినదని వచ్చుచున్నది, మొత్తము మార్చవలెను" అని చెప్పుదురు. వెల లక్షల మాట. బాడుగకు కారు త్రోలి కుటుంబమును పోషించుకొనువాడు అంత సొమ్ము ఎచ్చటనుండి తెచ్చును? మఱియొక కొట్టునకు పోయినచో, "దానికేమి, కోడ్ చెరిపివేసితిమి, పొండు" అందురు. మొదటివాని మాట విని మంచి బాటరీని పాఱవేయుట యొక నష్టము. రెండవవాని మాట విని నిజముగా చెడిన బాటరీతో పిల్లలనెక్కించుకొని పోవుట అంతకంటె పెద్ద నష్టము. ఈ రెంటి నడుమ నిజమును కనుగొను మార్గము పై తరగతుల విద్యార్థులు చదివిన ఓమ్ సూత్రమునకు మించినది కాదు. కావుననే దానిని ఇచ్చట వివరింప బూనితిమి.

మొదట బాటరీ కూర్పును చూతము. ఉదాహరణమునకు 2003లో వెలువడిన రెండవ తరపు టొయోటా ప్రియస్ కారును తీసికొనుడు. దాని బాటరీలో నికెల్-మెటల్ హైడ్రైడ్ ఘటములు 168 గలవు. ఒక్కొక్క ఘటము 1.2 వోల్టులు. ఆఱు ఘటములు చేరి ఒక దిమ్మె; అట్టి దిమ్మెలు 28 వరుసగా కూర్పబడి మొత్తము 201.6 వోల్టులగును. వీనిని రెండేసి దిమ్మెల చొప్పున 14 జతలుగా భాగించి, ప్రతి జత వోల్టేజిని సన్నని తీగలద్వారా ఒక చిన్న కంప్యూటరు ఎడతెగక చూచుచుండును. మఱికొన్ని కార్లలో లిథియము-అయాన్ ఘటములుండును. వీనిలో తఱచుగా వాడు రకమునకు 4.2 వోల్టులు పైహద్దు. అది దాటి విద్యుత్తును నింపినచో లోపల లిథియము లోహముగా పేరుకొనును, ద్రావకము విడిపోవును, వేడి పెరుగును, తుదకు నిప్పంటుకొనుటయు సంభవించును. నికెల్ ఘటము ఇంతటి కోపిష్ఠి కాదు. అది వేడెక్కి వాయువును వెడలగ్రక్కును. బ్రేకు నొక్కినపుడెల్ల మోటారు జనరేటరై బాటరీలోనికి విద్యుత్తును పంపుచుండును గనుక, ఈ భయము కారు పోవుచున్నంతసేపును ఉన్నదే.

కావున బాటరీకొక కావలి యవసరమైనది. ఇక్కడనే పొరపాటు పుట్టుచున్నది. మన యిండ్లపై నీళ్ల ట్యాంకులుండును గదా. నీరు నిండి పొర్లుట ఒక సంగతి. నీటి మట్టమును తెలుపవలసిన బంతి చిక్కుకొని కదలకుండుట వేఱొక సంగతి. కారులోని సంకేతములును ఇట్లే రెండు తెగలు. "వోల్టేజి మితిమీరినది" అనునది ఒకటి. "మితిమీరినదో లేదో చూడవలసిన యేర్పాటు సరిగా పనిచేయుటలేదు" అనునది రెండవది. రెండవ దానిలో బాటరీపై నేరారోపణయే లేదు; కావలివాడు తనకు కన్ను కనబడుటలేదని తానే చెప్పుకొనుచున్నాడు. అయినను కొట్టులో రెంటికిని ఒకే మందు చెప్పుదురు. సంకేతములకు పెట్టిన పేళ్లుకూడ కొంత తప్పుదారి పట్టించును. పి0ఏ80 అను సంకేతము పేరే "హైబ్రిడ్ బాటరీని మార్చుము" అని. అది పేరే కాని తీర్పు కాదు. టొయోటా కార్లలో జతలమధ్య వోల్టేజి భేదము హద్దు దాటినపుడు అది వెలువడును; ఆ భేదము ఎందువలన కలిగినదో అది చెప్పజాలదు.

పరీక్షకు పూనుకొనువాడు కోడ్‌ను ముందుగా చెరుపరాదు. దీపము వెలిగిన క్షణమున కారు వేగము, విద్యుత్ప్రవాహము, బాటరీ వేడిమి, నిండుదల ఎంతెంత యుండెనో కంప్యూటరు వ్రాసిపెట్టుకొనును. చెరిపినచో ఆ సాక్ష్యము పోవును. పిమ్మట 12 వోల్టుల చిన్న బాటరీని చూడవలెను. అది నీరసించినచో కంప్యూటర్లన్నియు తడబడి, లేని రోగములను చెప్పుట కద్దు. పెద్ద బాటరీ మాట ఆ తరువాత.

ఇక ముగ్గురు సాక్షులను విచారింపవలెను. జతల వోల్టేజులన్నిటిని కూడిన మొత్తము ఒకటి. బాటరీ మొత్తపు వోల్టేజిని విడిగా కొలుచు పరికరము చెప్పునది రెండవది. మోటారునకు విద్యుత్తునందించు ఇన్వర్టరు తన వైపున చూచునది మూడవది. ఇందులో ఇద్దరొకటి చెప్పి మూడవవాడు వేఱు చెప్పినచో, అనుమానము మూడవవానిపైకి పోవును. ముగ్గురును ఏకమై అధికమని చెప్పినచో అధికము నిజమే. అపుడు కారును నడుపనేరాదు.

ఒక్క ఘటము మాత్రమే అధికమని చూపినపుడు దాని పొరుగును చూడుడు. రెండు లిథియము ఘటములు నిజముగా 3.80 వోల్టుల చొప్పున ఉన్నవనుకొందము. పలకపై ఒకటి 4.25, దాని ప్రక్కది 3.35 చూపుచున్నవి. కూడి చూడుడు: 7.60. నిజమైన మొత్తమును అంతే! ఒకని కెంత హెచ్చినదో పొరుగువానికి సరిగా అంతే తగ్గినది. రెండు ఘటములు తమలో తాము ఒప్పందము చేసికొని ఇట్లు చెడుట అరుదు. ఆ రెంటి నడుమనుండి పోవు సన్నని తీగ ఊడినది, లేదా దాని మొన త్రుప్పుపట్టినది. తీగ రెంటికిని ఉమ్మడిది గనుక, అది తప్పు చెప్పినపుడు ఒకనిది తీసి మఱియొకనికి ఇచ్చినట్లగును. మీటరును ఘటము మొనలపైననే నేరుగా పెట్టి చూచినచో 3.80 కనబడును, బాటరీ నిర్దోషి యని తేలును.

రెండవ లక్షణము ఇంతకంటె సూక్ష్మము. విశ్రాంతిగా నున్నపుడు అన్ని జతలును సమానమే. బ్రేకు నొక్కి నింపునపుడు ఒక జత మాత్రము హెచ్చును, వేగము పెంచి వాడునపుడు అదే జత తగ్గును. ఇది నిరోధము పని. దిమ్మెలను కలుపు రాగి పట్టీపై పచ్చని చిలుము పట్టి 0.005 ఓముల నిరోధము చేరినదనుడు. 60 ఆంపియర్ల ప్రవాహమునకు 0.3 వోల్టులు. నింపునపుడు ఆ 0.3 పైకి కూడును, వాడునపుడు తీసివేయబడును. ముసలిదైన ఘటము లోపలి నిరోధము పెరిగినను ఇదే ఆట యాడును. కావున పట్టీని విప్పి తుడిచి బిగించి, మరల చూడకుండ తీర్పు చెప్పరాదు. అప్పటికిని మారనిచో ఆ దిమ్మెను వేఱొక చోటి దిమ్మెతో తారుమారు చేయుదురు. దోషము దిమ్మెతోపాటు పోయినచో దోషి దిమ్మె. పాతచోటనే నిలిచినచో తీగయో కంప్యూటరో.

పట్టీలకు చిలుము పట్టుట మన ప్రాంతమున ఊహామాత్రము కాదు. 2020 అక్టోబరు వరదలలో హఫీజ్ బాబా నగరు మొదలగు చోట్ల వీధులే చెఱువులైనవి, బండ్లెన్నియో మునిగినవి. మునిగిన కారును కడిగి ఆరబెట్టినను, తీగల మొనలలో చేరిన తడి నెలల తరబడి తన పని చేయుచునే యుండును. పాత హైబ్రిడ్ కారు కొనువారు అది నీట మునిగినదా యని అడుగుట మంచిది. వేసవియు తక్కువది కాదు. 40 డిగ్రీలు దాటు ఎండలో బాటరీని చల్లార్చు గాలి, ప్రియస్ వంటి కార్లలో వెనుక సీటు ప్రక్కనున్న జాలిగుండా పోవును. దానిపై సంచులు పెట్టుదురు, దుమ్ము నిండును. గాలి చాలనపుడు నడుమనున్న దిమ్మెలు ముందుగా వేడెక్కి ముందుగా ముసలివగును. వాని పట్టు తగ్గి, తక్కినవానికంటె ముందు నిండి, నిజముగానే హద్దు దాటును. చిన్న కుండ ముందు పొర్లుట వంటిది. అపుడు కావలివాని మాట సత్యము. మార్చవలసినదియు ఆ దిమ్మెలనే.

మనకు సమీపముననున్న బాలాపురములో ఏ.ఆర్.సి.ఐ. అను కేంద్ర ప్రభుత్వ పరిశోధనాలయము లిథియము ఐరన్ ఫాస్ఫేటను బాటరీ పదార్థముపై పనిచేసినది. ఈ జాతి ఘటము 3.2 వోల్టులయొద్ద చాలసేపు కదలక యుండి, నిండుటకు కొంచెము ముందు ఒక్కసారిగా పైకి లేచును. ఇట్టివానిలో ఘటముల హెచ్చుతగ్గులు నడుమ కనబడవు. చివరి ఘడియలోనే బయటపడును. సగము నిండిన బాటరీని చూచి అంతయు క్షేమమని చెప్పు మెకానిక్కును అందుచేత నమ్మజాలము.

విద్యార్థులలో చేతిపనియందు ఉత్సాహము గలవారు పెక్కురు గలరని యెఱుగుదుము. స్కానరు అంకెలను చదువుట, కాగితముపై కూడి చూచుట మీకు తగినదే. నారింజ రంగు తీగలను మాత్రము ముట్టకుడు. 200 వోల్టుల నేర విద్యుత్తు ప్రాణము తీయును. శిక్షణ పొందినవాడైనను 1000 వోల్టులకు తగిన రబ్బరు తొడుగులు ధరించి, సర్వీసు ప్లగ్గును తీసి తన జేబులో వేసికొని, ఇన్వర్టరులో నిలిచిన విద్యుత్తు జాఱిపోవుటకు కనీసము 10 నిమిషములు వేచి, మీటరుతో సున్న చూచిన పిమ్మటనే మూత విప్పును. ప్లగ్గు తీసినను బాటరీ రెండు ముక్కలగునే కాని ఖాళీ కాదు. ఒక్కొక్క ముక్కలో నూఱు వోల్టులు అట్లే కాచుకొని యుండవచ్చును.