వార్తల్లో పదం: ఇథాంబ్యుటాల్

జఫర్‌గఢ్ పిల్లవాడికైనా ఢిల్లీ పిల్లవాడికైనా క్షయ వస్తే సర్కారు ఇచ్చే మందులు ఒకటే. వాటిలో కంటి మీద కన్నేసి వాడాల్సిన మాత్ర ఇథాంబ్యుటాల్. 1961లో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పుట్టింది. మన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు పనిచేసిన సంస్థే అది.

ఈ మందు కొద్దిమందిలో కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. సాధారణంగా నొప్పి ఉండదు. చూపు మసకబారుతుంది, ఎరుపు, ఆకుపచ్చల తేడా తెలియదు. పెద్దవాళ్లు చెప్పుకోగలరు. నాలుగేళ్ల పిల్ల తనకు పచ్చిమిర్చీ పండుమిర్చీ ఒకేలా కనిపిస్తున్నాయని ఎలా చెబుతుంది? అందుకే చాలాకాలం చిన్నపిల్లలకు ఈ మందు రాయడానికి డాక్టర్లు జంకారు. అప్పటిదాకా ఉన్న ఆధారాలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో సమీక్షించి, కిలో బరువుకు 20 మిల్లీగ్రాముల మోతాదులో ఈ ముప్పు చాలా అరుదని తేల్చింది. మోతాదు మించినా, మూత్రపిండాలు సరిగా పనిచేయకపోయినా ముప్పు పెరుగుతుంది. కాబట్టి పిల్లల బరువు తూచకుండా మాత్రలు లెక్కగట్టడం తప్పు.

టీవీకి మరీ దగ్గరగా జరగడం, గడప తగిలి పడటం, రంగు పెన్సిళ్లు తారుమారు చేయడం కొత్తగా మొదలైతే ఆ రోజే పీహెచ్‌సీ డాక్టరుకు చూపించాలి. ఈ మాత్రను వెంటనే ఆపితే చాలామందికి చూపు మెల్లగా తిరిగొస్తుంది, ఆలస్యమైతే రాకపోవచ్చు. అలాగని భయపడి మందులన్నీ ఇంట్లోనే మానేస్తే క్షయ మొండికేస్తుంది. ఏది ఆపాలో, ఏది కొనసాగించాలో డాక్టరే చెప్పాలి. మందుల దుష్ప్రభావాలను ఎవరైనా 1800-180-3024కు ఉచితంగా ఫోన్ చేసి నమోదు చేయించవచ్చు.