రేడియో విలేకరి, రేకుల కంపెనీ లెక్కలు

పాత ఇళ్లు పగలగొట్టే పనికి వెళ్లే అన్నలూ, ఆ ఇళ్లు శుభ్రం చేసే అక్కలూ ఒక పేరు తెలుసుకోవాలి. బాబ్ కార్. 1995 నుంచి 2005 దాకా న్యూ సౌత్ వేల్స్ ప్రీమియర్, అంటే మన లెక్కలో ముఖ్యమంత్రి. ఆయన మొదట చేసిన పని వార్తలు చెప్పడం.

1947లో సిడ్నీలో ఒక రైలు డ్రైవర్ ఇంట్లో పుట్టారు. చరిత్ర చదివి 1969లో ఏబీసీ రేడియోలో విలేకరిగా చేరారు. తర్వాత కొన్నేళ్లు యూనియన్ల ఉమ్మడి సంస్థ లేబర్ కౌన్సిల్‌లో కార్మికులకు శిక్షణ ఇచ్చే ఉద్యోగం. 1978లో మళ్లీ ‘ది బులెటిన్’ పత్రికలో చేరారు. 1983 ఉప ఎన్నికలో మరూబ్రా నుంచి శాసనసభకు గెలిచారు, మరుసటి ఏడే మంత్రి అయ్యారు.

మనలాంటి వలస జనానికి ఆయన అంతా మంచే చేశారని నేను చెప్పను. 2000లో సిడ్నీ నిండిపోయింది, వలసలు తగ్గించాలి అన్నది ఈయనే. 2010కల్లా కాజిల్ హిల్‌కి రైలు తెస్తామని 1998లో ప్లాన్ వేసిందీ ఈయన ప్రభుత్వమే. మన కెల్లీవిల్ స్టేషన్‌లో మెట్రో ఆగింది 2019 మేలో!

కానీ ఆస్‌బెస్టాస్ సంగతి వేరు.

జేమ్స్ హార్డీ అనే కంపెనీ దశాబ్దాల పాటు ఆస్‌బెస్టాస్ కలిపిన ఫైబ్రో షీట్లు తయారుచేసింది. ఆ పొడి పీల్చినవాళ్లకు ఇరవై, ముప్పై, నలభై ఏళ్ల తర్వాత కూడా మెసోథీలియోమా అనే క్యాన్సర్ రావచ్చు. 2001లో కంపెనీ నష్టపరిహారం బాధ్యతను ఒక ఫౌండేషన్‌కు అప్పజెప్పి, దాదాపు 29 కోట్ల డాలర్లు దాని చేతిలో పెట్టి, బాధితులందరికీ ఇది సరిపోతుందని ప్రకటించింది. అదే ఏడాది మాతృసంస్థ నెదర్లాండ్స్‌కి మారింది. కొద్ది కాలానికే డబ్బు చాలదని బయటపడింది.

2004 ఫిబ్రవరిలో కార్ ప్రభుత్వం డేవిడ్ జాక్సన్ అనే న్యాయవాదితో ప్రత్యేక విచారణ కమిషన్ వేసింది. విలేకరి అడిగితే కంపెనీ పెద్దలు మాట్లాడకుండా కారెక్కి వెళ్లిపోవచ్చు. కమిషన్ పిలిస్తే రావాలి, అడిగిన కాగితాలు ఇవ్వాలి. ఆ సెప్టెంబరులో నివేదిక వచ్చింది. లోటు 150 కోట్ల డాలర్లు దాటుతుందని తేలింది. నేను కామర్స్ చదివినవాణ్ని. ఉన్నదానికి ఐదింతల లోటును పొరపాటు అనుకోవడం నాకు కష్టం. ఆ ప్రకటన తప్పుదోవ పట్టించిందని, దానికి డైరెక్టర్లు ఒప్పుకున్నారని 2012లో హైకోర్టు కూడా తేల్చింది. ఇక్కడ హైకోర్టంటే మన సుప్రీంకోర్టు లాంటిది.

2004 డిసెంబరులో కంపెనీ, ప్రభుత్వం, యూనియన్లు మొదటి ఒప్పందం మీద సంతకాలు పెట్టాయి. 2005 ఆగస్టులో కార్ తప్పుకున్నారు, తుది ఒప్పందం తర్వాతి ప్రీమియర్ చేతుల మీదుగా జరిగింది. నన్నడిగితే ఎక్కువ పేరు యూనియన్లకీ, బెర్నీ బాంటన్‌కీ దక్కాలి. హార్డీ ఫ్యాక్టరీలో పనిచేసి జబ్బుపడి, ఆక్సిజన్ సిలిండర్ వెంటబెట్టుకుని పోరాడిన మనిషి ఆయన. 2007 నవంబరులో చనిపోయారు.

ఇప్పుడు మన మాట. ఊళ్లో రేకుల ఇంట్లో పెరిగిన మనకు రేకు అంటే భయం లేదు. కెల్లీవిల్‌లో చాలావరకు కొత్త ఇళ్లే గానీ, మనకు పని దొరికేది బ్లాక్‌టౌన్, పరమట్టా వైపు పాత ఇళ్లలో కూడా కదా. ఆస్‌బెస్టాస్‌ను ఇక్కడ పూర్తిగా నిషేధించింది 2003 చివర్లో. 1990కి ముందు కట్టిన ఇంట్లో గోడలో, ఈవ్స్‌లో, బాత్రూమ్ టైల్స్ వెనక అది ఉండొచ్చు. గట్టి షీటైనా 10 చదరపు మీటర్లు దాటితే లైసెన్సు ఉన్నవాళ్లే తీయాలి. చేత్తో నలిపితే పొడయ్యే రకమైతే ఎంత కొంచెమైనా అంతే.

అనుమానం వస్తే కోయకండి, డ్రిల్ పెట్టకండి, ఊడ్వకండి. ఆరోగ్యానికి తీవ్రమైన, తక్షణ ప్రమాదం ఉంటే పని ఆపే హక్కు 2011 చట్టంలో ఉంది, వీసా ఏదైనా సరే. ఆపిన వెంటనే యజమానికి చెప్పండి. ఆ దుమ్ముపట్టిన బట్టలు ఇంటికి తేవద్దు. భర్తల బట్టలు దులిపి ఉతికిన ఆడవాళ్లకు కూడా ఈ జబ్బు వచ్చింది.

సేఫ్‌వర్క్ నంబరు 13 10 50. ఇంగ్లీషు ఇబ్బందైతే ముందు 13 14 50కి చేసి తెలుగు దుభాషిని అడగండి.